లేపం కంటె ముందు నీడ

శివరాత్రి దాటి ఎండలు ముదరగానే నా వైద్యశాలకు ప్రతి ఏడూ ఒకే ప్రశ్న వస్తుంది. "ఎండకు ముఖం నల్లబడుతోంది, ఏమి పూసుకోమంటారు?" హిందూపురంలో కళాశాలకు పోయే ఆడపిల్ల అదే అడుగుతుంది. పెనుకొండ పక్క పల్లెలలో వేరుశనగ చేలలో కలుపు తీసే తల్లి అదే అడుగుతుంది. ధర్మవరం నుండి వచ్చే నేతవారి ఇల్లాలు కూడా అదే అడుగుతుంది. ఇన్నేండ్లు ఈ ప్రశ్నకు రకరకాల లేపాలు చెప్పిన నేను ఇప్పుడొక మాట నిష్కర్షగా చెప్పదలచినాను. ఏమి పూసుకోవలెనని అడిగే ముందు, ఏమి కప్పుకోవలెను, ఏ వేళ నీడకు చేరవలెను అని అడగవలెను. గృహవైద్యం పేరుతో మనం పంచిపెడుతున్న లేపాలలో ఎండను ఆపే శక్తి గలది దాదాపు లేదు. కొన్నయితే ఎండతో చేతులు కలిపి చర్మాన్ని కాలుస్తాయి.

నేను చేసిన పొరపాటు

ఈ మాట నేను పుస్తకాలలో చదివి చెప్పడం లేదు. చాలా ఏండ్ల క్రిందట మంగు మచ్చలతో ఒక తల్లి వచ్చినది. నిమ్మరసంలో తేనె, చందనం కలిపి పూసి, అరగంట తరువాత కడుగుకొమ్మని చెప్పి పంపినాను. ఆమె ఏమి పని చేస్తుందో అడగలేదు. ఆమె కూలికి పోయే మనిషి. ఉదయం పూసుకొని, తరువాత కడుగుదామనుకొని అట్లే చేనికి పోయినది. రెండు మూడు దినాలకు ముఖమంతా ఎర్రబడి, బొబ్బలెక్కి తిరిగి వచ్చినది. నిమ్మకాయ పిండిన చేతి మీద కూడా రసం కారిన చారలన్నీ తేలినవి. "సామీ, మంగు పోతాదని పూసుకుంటి, మొగమే కాలిపాయ" అన్నది. ఆ మాటలో కోపం లేదు. అందుకే అది నన్ను ఇప్పటికీ విడువలేదు. బొబ్బలు మానిన చోట పడిన నల్లమచ్చలు పోవడానికి నెలలు పట్టినది.

నిమ్మజాతి కాయలలో, ముఖ్యంగా వాటి తొక్కలో, ఎండ తగిలినప్పుడు చర్మాన్ని కాల్చే ద్రవ్యాలు ఉన్నవి. ఆ కుటుంబానికి చెందిన ద్రవ్యమే మన బావంచాలలోనూ ఉన్నది. బొల్లికి బావంచాల తైలం రాసి, కొద్దిసేపు మాత్రమే ఎండ చూపించడం మన వైద్యులందరూ ఎరిగిన పద్ధతి. కొలత తప్పితే బొబ్బలు లేస్తాయని గురుకులంలో మాకు మొదటి యేడే హెచ్చరించినారు. బావంచాల విషయంలో అంత జాగ్రత్త నేర్చిన నేను నిమ్మకాయ విషయంలో ఆలోచించలేదు. వంటింటి వస్తువు కదా, హాని చేయదు అనుకొన్నాను. గృహవైద్యంలో మనల్ని మోసం చేసే తలంపు ఇదే.

మన శాస్త్రం ఏమి చెప్పినది?

చర్మకాంతికి ఆధారమైన పిత్తాన్ని వాగ్భటుడు భ్రాజకపిత్తమన్నాడు. సుశ్రుతుడు చర్మానికి ఏడు పొరలు చెప్పి, వర్ణాన్ని ప్రకాశింపజేసే మొదటి పొరకు అవభాసిని అని పేరు పెట్టినాడు. ఎండ మొదట తాకేది ఈ పొరనే. దీనికి రక్షణగా సుశ్రుతుడు చెప్పినది గమనింపదగినది. చికిత్సాస్థానం ఇరువది నాలుగవ అధ్యాయంలో గొడుగు పట్టడం గురించి చెబుతూ, అది వానను, గాలిని, దుమ్మును, ఎండను వారించడమే గాక వర్ణానికి, కండ్లకు మేలు చేస్తుందన్నాడు. తలపాగా కూడా గాలిని, ఎండను, దుమ్మును తొలగిస్తుందని అక్కడే చెప్పినాడు. అంటే వర్ణాన్ని కాపాడే సాధనాలలో ఆయన గొడుగును చేర్చినాడు! ఇది మన దినచర్యలో ఒక భాగం. కుంకుమాది తైలం పేరు ఎరిగినవారు వేలమంది ఉన్నారు. సుశ్రుతుని గొడుగును తలచేవారు కానరారు.

మన ప్రాంతపు ఎండ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ పదునాలుగు డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నవి. అందువలన సూర్యుడు మనకు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఒకటి ఏప్రిల్ చివర, మే మొదట్లో. రెండవది ఆగస్టు నడుమ. మొదటి దానిని అందరూ ఎండాకాలమంటారు. రెండవ దానిని ఎవరూ గమనించరు. గాలి వీస్తుంది, వేడి తగ్గి ఉంటుంది. కాని చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాలకు మనకు తోచే వేడితో సంబంధం లేదు. మనది వానలు తక్కువైన నేల. మబ్బు విడిచినప్పుడల్లా ఎండ సూటిగా పడుతుంది. సరిగ్గా ఆ దినాలలోనే వేరుశనగలో కలుపుతీత సాగుతుంది. ఆగస్టులో మంగు ముదిరినదని వచ్చే తల్లులను చూచి, ఇది పైత్యమనుకొని కషాయాలు మాత్రమే ఇచ్చే వైద్యుడు సగం వైద్యమే చేసినట్లు.

ఎండ తీవ్రతను తెలుసుకొనడానికి యంత్రమక్కరలేదు. మీ నీడను చూచుకొనండి. నీడ మీకంటె పొట్టిగా ఉన్నంతసేపు ఎండ చర్మానికి తీవ్రమైనదే. ఎండాకాలంలో ఉదయం తొమ్మిది దాటినప్పటి నుండి మధ్యాహ్నం మూడున్నర వరకు దాదాపు ఇదే స్థితి.

పాత చొక్కా చేసే మేలు

మన చేలలో ఆడవారు చీర మీద ఇంటాయన పాత పొడుగు చేతుల చొక్కా తొడుగుకొని, తలకు గుడ్డ చుట్టుకొని పని చేస్తారు. పట్నం నుండి వచ్చినవారు దానిని చూచి నవ్వుతారు. నేను మాత్రం దానిని ఈ ప్రాంతపు ఉత్తమమైన చర్మరక్షణ అంటాను. వత్తుగా నేసిన గుడ్డ, ముదురు రంగు గుడ్డ ఎండను బాగా ఆపుతాయి. పలుచని తెల్లబట్ట ఆపేది తక్కువ. అది చెమటకో నీటికో తడిస్తే ఇంకా తక్కువ. గుడ్డను వెలుగుకు ఎత్తి పట్టి చూడండి. అవతలి వెలుగు ఎంత కనబడితే ఎండ అంత దూరుతుంది. నేత వత్తును చూపుతోనే పసిగట్టే ధర్మవరం వారికి ఇది నేను చెప్పవలసిన పని లేదు.

కొబ్బరినూనె, పసుపు, యశదం

కొబ్బరినూనెకు ఎండను ఆపే గుణమున్నదని చాలామంది నమ్మకం. 2010లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కొబ్బరినూనెకు సుమారు 7 రక్షణాంకం కనబడిన మాట నిజమే. కాని అది నూనెను పలుచన చేసి పరికరంలో కొలిచిన లెక్క. చెమట పట్టే ముఖం మీద, ఎర్రని ఎండలో కొలిచినది కాదు. అభ్యంగానికి, పొడిచర్మానికి నూనె మంచిది. గొడుగుకు మారుగా అది పనికిరాదు. పసుపు, శనగపిండి, పెరుగు చర్మాన్ని శుభ్రపరచడానికి తగినవే. వాటిని సాయంకాలం వాడి కడుగుకొనండి. పూసుకొని ఎండలోకి పోవద్దు.

ఈ సందర్భంలో ఒక సంగతి చెప్పవలెను. నేటి సన్‌స్క్రీన్ లేపనాలు కొన్నిటిలో ఎండను ఆపే ముఖ్యద్రవ్యం జింక్ ఆక్సైడ్. మన రసవైద్యంలోని యశదభస్మం కూడా ప్రధానంగా అదే. కాబట్టి సన్‌స్క్రీన్ పరాయి వైద్యమని దూరంగా పెట్టనక్కరలేదు. అట్లని యశదభస్మాన్ని ఇంట్లో నూనెలో కలిపి పూసుకోవద్దు. నూరిన పొడి సమంగా పరచుకోకపోతే, లేని చోట ఎండ తగులుతూనే ఉంటుంది.

సన్‌స్క్రీన్ ఎవరికి, ఎట్లా?

మంగు ఉన్నవారు, బొల్లి మచ్చలు బయటకు కనబడే చోట ఉన్నవారు, దినమూ రెండు చక్రాల బండి మీద తిరిగేవారు, ఎండ తగిలితే దద్దురు లేచేవారు దీనిని వాడవలెను. 30కి తక్కువ కాని ఎస్‌పిఎఫ్ గలది చాలు. 30 గుణకం గలది అతినీలలోహిత బి కిరణాలలో నూటికి సుమారు 97 పాళ్ళు ఆపుతుంది. పెద్ద అంకెలకు పెద్ద ధర పెట్టనక్కరలేదు. ఏ కిరణాలను కూడా ఆపుతుందని పెట్టె మీద ఉన్నదో లేదో చూడండి. కిటికీ అద్దం గుండా కూడా వచ్చేవి అవే. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ళ పొడుగున తీసుకొని, బయలుదేరడానికి పావుగంట ముందు రాయవలెను. చెమట పట్టే పనిలో రెండు గంటలకొకసారి మరల రాయవలెను.

అయితే రెండు గంటలకొకసారి రాసుకొనే తీరిక, కొనే డబ్బు కూలితల్లికి ఎక్కడిది? ఆమెకు నేను చొక్కా, తలగుడ్డ, చెట్టునీడ చెబుతాను. 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైనది మన ఉమ్మడి అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. పనిచోట నీడ, త్రాగునీరు, ప్రథమచికిత్స ఉండవలెనని ఆ చట్టంలో వ్రాసినారు. ఉపాధి పని ఏ పేరుతో జరిగినా ఆ నీడ కాగితం మీద నిలిచిపోరాదు. చర్మరక్షణ ధనికుల అలంకారం మాత్రమే కాదని చెప్పడానికి దీనిని మించిన ఉదాహరణ నాకు తోచదు.

మగ్గం మీది వారి సంగతి వేరు

దినమంతా ఇంట్లో గుంటమగ్గంలో కూర్చునే నేతవారికి ఎండ ఎక్కువై కాదు, తక్కువై చిక్కు వస్తుంది. ఎముకలకు కావలసిన డి విటమిను చర్మంలో తయారు కావడానికి ఎండ అవసరం. ఉదయపు లేత ఎండ దీనికి చాలునని మేమంతా చెప్పేవారము. అయితే మన అక్షాంశానికి దగ్గరగా ఉన్న తిరుపతిలో జరిగిన పరిశోధనలో పదకొండు నుండి రెండు గంటల నడుమ అది బాగా తయారవుతున్నట్లు తేలినది. కనుక నేతవారు వారానికి కొన్ని దినాలు పదకొండు గంటల ప్రాంతంలో ముఖానికి నీడ ఉంచుకొని, చేతులకు కాళ్ళకు పావుగంట, ఇరవై నిమిషాలు ఎండ తగలనీయవలెను. చర్మం కమిలేదాకా ఉండరాదు. ఒళ్ళునొప్పులు విడువకపోతే రక్తపరీక్ష చేయించుకొనడం మేలు.

నలుపు రోగం కాదు

చివరకు అసలు మాట. ఎండ నుండి రక్షణ అడిగేవారిలో సగం మంది నిజంగా కోరేది తెలుపు. చరకుడు ఇంద్రియస్థానం మొదటి అధ్యాయంలో నలుపును, చామనఛాయను సహజ వర్ణాలలోనే చేర్చినాడు. మన ముదురు రంగు మనకు ఎండకు కొంత సహజమైన అడ్డు కూడా. చర్మపు క్యాన్సరు మన దేశంలో తెల్లవారి దేశాల కంటె చాలా తక్కువగా ఉండడానికి అదొక కారణం. ఆ అడ్డు మంగును, ముడుతలను, వడదెబ్బను, కంటిశుక్లాన్ని ఆపలేదు. అందుకే రక్షణ కావలెను. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మారినది. పేరు మారినంత సులువుగా మన ఇండ్లలోని పెండ్లిచూపుల మాటలు మారలేదు. మేనిఛాయ మార్చమని వచ్చే బిడ్డకు నేను మందు ఇవ్వను.

ఎండ తగిలినచోట దద్దురుతో పాటు కీళ్ళనొప్పులు, నోటిపుండ్లు ఉన్నా, మచ్చ పెరుగుతున్నా, పుండు మానకున్నా గృహవైద్యంతో కాలం గడపక వెంటనే చర్మవైద్యుని చూడండి. డాక్సీసైక్లిన్ వంటి కొన్ని మందులు వాడేటప్పుడు చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. కాబట్టి మందు ఇచ్చినవారిని ఆ సంగతి అడగండి.

తోటి వైద్యులకు ఒక మనవి. ముఖానికి ఏ లేపం చెప్పినా, ముందు ఒక్క ప్రశ్న వేయండి: "అమ్మా, నువ్వు ఏ పని చేస్తావు? ఎండలో ఎంతసేపు ఉంటావు?" ఆ ఒక్క ప్రశ్న నేను ఆనాడు అడిగి ఉంటే ఆ తల్లి ముఖం కాలి ఉండేది కాదు.