ఏటి యిసుకలో బంగారము

బియ్యము గాలించునపుడు రాళ్లు అడుగున నిలుచుట మన మెఱిఁగినదే. జార్ఖండులోని సువర్ణరేఖానదీతీరమున ఆదివాసి స్త్రీలు కొయ్యపళ్లెములలో ఇసుకను గాలించి, అడుగున మిగులు పసిఁడినలుసులను అట్లే సేకరింతురు.

బంగారము నీటికంటె 19 రెట్లు బరువు. దానివలె మెఱసి మోసపుచ్చు పైరైటు అను ఖనిజము 5 రెట్లే. మెఱుఁగుపూఁత లేని పింగాణిపై గీసినచో బంగారము పసుపువన్నె గీఁతను, పైరైటు నల్లని గీఁతను విడుచును. సుత్తిదెబ్బకు మొదటిది రేకగును, రెండవది పొడియగును.

ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలో కొందఱు ఈ నలుసులను పాదరసముతో ముద్దచేసి, ఇంటిపొయ్యిమీఁదనే కాల్చుదురు. ఆ యావిరి కంటికిఁ గానరాని విషము. గర్భమందలి శిశువునకును హాని. పళ్లెమును నీరును చాలినచోట పాదరస మేల? నలుసంత పసిఁడికై బిడ్డల ఆరోగ్యమును అమ్ముకొనరాదని మేము తలంతుము.