సీటు రాకముందే హాస్టల్ వేటా?

ఎంసెట్ ర్యాంకు తెలిసిన మర్నాటి నుంచీ మన ఇళ్ళల్లో ఒకటే చర్చ. (ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో దాని పేరు ఈఏపీసెట్‌గా మార్చారు గానీ మన నోళ్ళకి అది ఎంసెట్టే!) ఏ బ్రాంచి, ఏ కాలేజీ, ఫీజెంత, క్యాంపస్ ఇంటర్వ్యూలకి ఏ కంపెనీలొస్తాయి... నాన్న, బాబాయి, పక్కింటి లెక్చరరుగారు కూర్చుని కాగితాల మీద లెక్కలు వేస్తూంటారు. వంటింట్లోంచి మాత్రం ఒకే ప్రశ్న వస్తుంది: "ఇంతకీ పిల్ల ఎక్కడుంటుంది?"

"అదంతా తర్వాత సంగతి, ముందు సీటు రానీ" అని జవాబు.

నన్నడిగితే అది తర్వాత సంగతి కాదు. కాలేజీ ఏదో తేలకముందే హాస్టల్ సంగతి చూడాలి. దరఖాస్తు పెట్టే వీలున్న చోటల్లా పెట్టాలి. ఒకచోట కాదు, రెండు మూడు చోట్ల. "ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని నవ్వేవాళ్ళుంటారు. నవ్వనివ్వండి. అబ్బాయి విషయంలో ఆ నవ్వు చెల్లుతుంది. వాడు ఇద్దరు స్నేహితుల్ని పోగేసుకుని ఏ కూకట్‌పల్లిలోనో గది తీసుకుంటాడు, చాపేసుకుని పడుకుంటాడు. ఎవరూ ఏమీ అనరు. అమ్మాయి విషయానికొచ్చేసరికి హాస్టల్ దొరక్కపోతే ఇంట్లో వినబడే మాట వేరు. "పోనీ మన ఊళ్ళో కాలేజీ ఏం తక్కువ? బస్సు ఇంటిముందే ఆగుతుంది కదా!" ర్యాంకు తెచ్చుకున్న పిల్ల మొహం అప్పుడు చూడాలి.

ఇది మన ఇళ్ళల్లోనే ఉన్న జబ్బు కాదు. గిరిజా బోర్కర్ అనే ఆర్థికవేత్త ఢిల్లీ యూనివర్సిటీ విద్యార్థుల మీద అధ్యయనం చేశారు. ప్రపంచ బ్యాంకు 2021లో దాన్ని వెలువరించింది. దారిలో వేధింపులు తక్కువగా ఉంటాయనుకుంటే, మంచి కాలేజీలో సీటొచ్చే అవకాశం ఉన్నా దానికన్నా తక్కువ స్థాయి కాలేజీని అమ్మాయిలు ఎంచుకుంటున్నారని ఆవిడ తేల్చారు. అక్కడ దారి, ఇక్కడ పడక. రెండుచోట్లా నష్టపోయేది మార్కులు తెచ్చుకున్న పిల్లే.

అసలు ఆడపిల్ల చదువుని హాస్టల్ నిర్ణయించడం ఈనాటిదా? 1930లలో దుర్గాబాయి (అప్పటికింకా దేశ్‌ముఖ్ కాలేదు) బెనారస్ నుంచి పరీక్షలు పాసయ్యి ఆంధ్రా యూనివర్సిటీలో బి.ఏ. ఆనర్స్ చదువుతానంటే, వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు సందేహించారు. తెలివితేటల గురించి కాదు ఆ సందేహం. ఆడపిల్లలకి హాస్టల్ లేదు, ఎలా చేర్చుకోవడం? ఆవిడ ఊరుకున్నారా? పత్రికలో ప్రకటన వేయించి, తనలాగే చదువుకోవాలనుకుంటున్న అమ్మాయిల్ని కూడగట్టి, తామే హాస్టల్ ఏర్పాటు చేసుకున్నారు. ముందు హాస్టల్, ఆ తర్వాతే అడ్మిషన్. అందరం దుర్గాబాయిలం కాలేం, నిజమే. వాకబు చెయ్యడం మాత్రం అందరం చెయ్యగలం.

ఇప్పుడు కౌన్సెలింగ్ నడిచే తీరు చూడండి. తెలంగాణలో 2023, 2024, 2025 సంవత్సరాల్లో ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ జూన్ చివరిలోనో జూలై మొదట్లోనో మొదలై ఆగస్టు దాకా సాగింది. మొదటి విడతలో ఓ కాలేజీ వస్తుంది. ఆన్‌లైన్లో ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేస్తాం. రెండో విడతలో ఇంకా మంచిది వస్తే మొదటిది దానంతటదే రద్దవుతుంది. ఎన్ఐటీలకీ, ఐఐటీలకీ వెళ్ళేవాళ్ళకి ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అని మరో గోల. చివరి విడత తేలి, చేరడానికి రమ్మనే తేదీకీ క్లాసులు మొదలయ్యే తేదీకీ మధ్య దొరికే రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ కాసిని రోజుల్లో తండ్రి సెలవు పెట్టుకుని వచ్చి, ఊరు కాని ఊళ్ళో నాలుగు హాస్టళ్ళు చూసి, ఏదో ఒకదాంట్లో పడేసి వెళ్ళాలి. చూపుడు లేని పెళ్ళిలా ఉంటుంది ఆ వ్యవహారం.

అందులోనూ హైటెక్ సిటీ చుట్టుపక్కలైతే మరీను. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు అటువైపు చాలామటుకు రాళ్ళగుట్టలే. అదే ఏడు గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ, ఉర్దూ యూనివర్సిటీ వచ్చాయి. 1974లో పుట్టిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్ అక్కడే ఉంది. మాదాపూర్‌లో నిఫ్ట్ ఉంది. 2019లో మెట్రో రైలు మార్చిలో హైటెక్ సిటీ దాకా, నవంబర్లో రాయదుర్గం దాకా వచ్చేసరికి ఊళ్ళో ఎక్కడ చదివే పిల్లలైనా అక్కడ ఉండొచ్చన్న ధైర్యమూ వచ్చింది. దాంతో ఏమైంది? అయ్యప్ప సొసైటీలో, కొండాపూర్‌లో చదువుకునే పిల్లా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లా ఒకే మంచం కోసం పోటీ పడుతున్నారు. ఓనరు ఎవరివైపు మొగ్గుతాడో చెప్పాలా? ఉద్యోగం చేసే పిల్ల పన్నెండు నెలలూ ఉంటుంది, అద్దె పెంచితే కడుతుంది. చదువుకునే పిల్ల దసరాకి, సంక్రాంతికి ఇంటికి పోతుంది, వేసవిలో గది ఖాళీ చేస్తుంది. జూలై, ఆగస్టుల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్ళూ దిగుతారు. అప్పుడు వెళ్ళి తలుపు తడితే దొరికేది కిటికీ లేని ఫోర్ షేరింగ్ గదే.

ముందే చూసుకోమన్నాను కదా అని ముందే డబ్బు కట్టేయమని కాదు. దరఖాస్తు వేరు, అడ్వాన్సు వేరు. ఈ రెండిటినీ కలిపేయడమే హాస్టలువాళ్ళ నేర్పు. మా చెల్లెలి కూతురికి మొదటి విడతలో గండిపేట వైపు సీటొచ్చింది. గచ్చిబౌలిలో ఒక హాస్టల్లో "ఇవాళ కట్టకపోతే రేపుండదమ్మా" అంటే మా మరిది ఐదువేలు అడ్వాన్సు కట్టాడు. రెండో విడతలో పిల్ల కోరుకున్న బ్రాంచి ఊరికి ఆ చివర, ఘట్‌కేసర్ వైపు వచ్చింది. అడ్వాన్సు వెనక్కడిగితే, "నెలరోజుల నోటీసివ్వాలి కదండీ" అన్నాడు ఓనరు. అసలు చేరని పిల్ల ఖాళీ చేస్తానని నోటీసెలా ఇస్తుంది? "రూల్సన్నీ బోర్డు మీద రాశామండీ" అన్నాడు. బోర్డు ఫ్రిజ్ వెనక ఉంది.

కాలేజీల విషయంలో కాస్త కట్టుబాటుంది. యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ప్రవేశాల ఆఖరి తేదీకి 15 రోజులు గానీ అంతకన్నా ముందు గానీ సీటు వదులుకుంటే ఫీజు మొత్తం వాపసివ్వాలి. తర్వాత వదులుకునే కొద్దీ 90, 80, 50 శాతం. ఆఖరి తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని కూడా అందులో ఉంది. వీధిలో ఉన్న ప్రైవేటు హాస్టల్‌కి ఈ ఉత్తర్వు వర్తించదు. అక్కడ రసీదు మీద ఏం రాసి ఉంటే అదే చట్టం. కాబట్టి "కౌన్సెలింగ్‌లో కాలేజీ మారితే అడ్వాన్సు వాపసు" అన్న ఒక్క వాక్యం రసీదు మీద రాయించి సంతకం పెట్టించండి. రాయనంటే ఇంకో హాస్టల్ చూసుకోండి. గొడవొస్తే 1915 అనే నంబరుంది, వినియోగదారుల హెల్ప్‌లైను. "జీఎస్టీ అదనం" అన్నా తలూపకండి. నెలకి 20 వేలలోపు అద్దెతో కనీసం 90 రోజులు వరసగా ఉండేవాళ్ళకి హాస్టల్ వసతి మీద పన్ను మినహాయిస్తూ జీఎస్టీ కౌన్సిల్ 2024 జూన్‌లోనే నిర్ణయించింది.

అమెరికా వెళ్ళిన మనవాళ్ళ ఇళ్ళల్లో ఈ హాస్టల్ దరఖాస్తుని విడ్డూరంగా చూడరు. అక్కడ డిగ్రీలో చేరే పిల్లలు సాధారణంగా మే 1 లోగా ఏ కాలేజీయో ఖాయం చెప్పాలి. చాలా యూనివర్సిటీల్లో అంతకన్నా ముందే డార్మ్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొన్నిచోట్ల ముందు పెట్టినవాళ్ళకే ముందు గది. దరఖాస్తు రుసుము పోతే పోయింది, వరసలో చోటు మాత్రం ఉంటుందని లెక్క. డల్లాస్‌లో ఉన్న తల్లి ఇది చేస్తే ముందుచూపు, తణుకులో ఉన్న తల్లి చేస్తే తొందరపాటా?

ఇంకోమాట. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంసెట్ సీట్లలో మూడోవంతు ఆడపిల్లలకి రిజర్వేషన్ ఉంది. ఐఐటీల్లో ఆడపిల్లలు తగ్గిపోతున్నారని 2018 నుంచి అదనపు సీట్లు సృష్టించారు. అక్కడ సీటుతోపాటే హాస్టలూ ఉంటుంది గనుక తల్లిదండ్రులు ధైర్యంగా పంపుతారు. మామూలు ఇంజనీరింగ్ కాలేజీలో సీటుకి రిజర్వేషన్ ఉంది, మంచానికి లేదు. కౌన్సెలింగ్‌వాళ్ళు ఏటా వేసే చివరి ర్యాంకుల జాబితా తీసి చూడండి. కాలేజీ కోడు, ఊరు, జిల్లా, కోఎడ్యుకేషనా బాలికల కాలేజీయా, ట్యూషన్ ఫీజెంత... అన్నిటికీ గళ్ళుంటాయి. "అమ్మాయిల హాస్టల్లో మొదటి సంవత్సరానికి ఎన్ని పడకలు, ఏడాదికెంత?" అన్న గడి ఉండదు. ఆ ఒక్క గడి కలపడానికి ఎంత ఖర్చవుతుంది? ఆప్షన్లు పెట్టుకునేనాటికే ఆ అంకె కళ్ళముందుంటే సగం ఇళ్ళల్లో వాదన అక్కడే తెగిపోతుంది. హాస్టల్ దరఖాస్తు కూడా ఆప్షన్లతోపాటే తీసుకుని, సీటు మారితే పడకా మారేలా చెయ్యొచ్చు. కంప్యూటర్లలో ప్రపంచానికి పాఠాలు చెప్పే ఊరు కదా మనది, ఇది చేతకాదా!

అంతవరకూ మన తిప్పలు మనవే. ఆప్షన్లలో పైన పెట్టాలనుకున్న నాలుగైదు కాలేజీలకి ఫోన్ చేసి ఆఫీసులో కాదు, హాస్టల్ వార్డెన్‌తోనే మాట్లాడండి. కొత్తగా చేరేవాళ్ళకి ఎన్ని పడకలు, ఇచ్చేది దరఖాస్తుల వరసలోనా, ర్యాంకు మీదా, ఊరి దూరం చూసా అని అడగండి. ప్రైవేటు హాస్టలైతే మే నెలలోనే ఒకసారి వెళ్ళి చూడండి. మేలో నీళ్ళొస్తే ఏడాదంతా వస్తాయి. పగలు కాదు, రాత్రి ఎనిమిదింటికి వెళ్ళండి. మెట్రో స్టేషన్ నుంచి హాస్టల్ గేటు దాకా నడిచి చూడండి, అమ్మాయిని వెంటబెట్టుకుని. ఆ సందులో ఆమె భయపడకపోతే మీరూ భయపడకండి. ఆమె భయపడిందా, మీ ధైర్యం అక్కరకు రాదు. అక్కడ ఉంటున్న పిల్లల్నే వంట గురించి అడగండి, ఓనరు లేనప్పుడు.

వార్డెన్‌ని అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజున, అమీర్‌పేటలో, మాదాపూర్‌లో చాలా హాస్టళ్ళు పిల్లల్ని ఖాళీ చెయ్యమన్నాయి. పెట్టెలు పట్టుకుని పోలీస్ స్టేషన్ల ముందు పాసుల కోసం నిలబడ్డారు. పాసులు పట్టుకుని బయల్దేరినవాళ్ళు ఆంధ్ర సరిహద్దులో చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. హాస్టళ్ళు మూయొద్దని పోలీసులు చెప్పేసరికే చాలామంది రోడ్డుమీద ఉన్నారు. "ఊరంతా బందైతే మా పిల్ల మీ దగ్గరే ఉండొచ్చా?" అని అడగండి. ఆవిడ నవ్వి దాటేస్తే, పక్క వీధిలో ఇంకో హాస్టల్ ఉంటుంది. మే నెలలో వెళ్ళారు కాబట్టి, వెతుక్కోవడానికి మీకింకా రోజులున్నాయి.