ఆర్పేదీ మేమే, ముద్దాయిలమూ మేమేనా?

నల్లమల అంచున పల్లె మాది. మాఘమాసం దాటితే టేకు ఆకు రాలుస్తుంది. నల్లమద్ది, తిరుమాను, తునికి మోడులవుతాయి. నేలంతా చీలమండ మునిగేంత ఎండుటాకు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఒక్క బీడీ ముక్క చాలు.

పొగ కనపడగానే జీపొస్తుంది. పెద్దిళ్ల ముందు ఆగుతుందా? ఆగదు. మాల మాదిగ వాడల్లో ఆగుతుంది, ఆపైన చెంచు పెంటకాడ ఆగుతుంది. "రండిరా, అడవి మీది గాదా!" అంటారు. పుల్ల ఏరుకోబోతే మాత్రం అడవి సర్కారుది. ఏందయ్యా ఈ లెక్క?

మా అడవిలో మంట చెట్ల తలల మీద దూకదు, నేలమీద ఆకు పట్టుకొని పాకుతుంది. అందుకే పచ్చికొమ్మతో కొడితే చస్తుంది. గాలి లేచిందంటే ఎదురు నిలబడకూడదు. వెనక్కొచ్చి, మట్టి తేలేదాకా ఆకు ఊడ్చి బాట తీసి, ఆ బాట అంచు నుంచి ఎదురుమంట పెట్టాలి. రెండు మంటలు కలిసినచోట తినడానికి ఆకుండదు. గుట్టమీదికి ఎక్కే మంటకు పైన నిలబడొద్దు, అది మనిషికన్నా జోరుగా పరుగెత్తుతుంది. ఇదంతా ఏ ట్రైనింగులో నేర్పలేదు, మా తాతలు నేర్పారు. కాళ్లకేమో రబ్బరు చెప్పులు. వేడికి అవి మెత్తబడి అరికాలికి అంటుకుంటాయి.

అసలు జనవరిలోనే ఫైర్ లైన్ గీసి ఆకు తగలబెడితే సగం మంటలు అక్కడే ఆగిపోతాయి. ఆ కూలిడబ్బు వేళకు రాదు. లైను గడ్డి పట్టాక ఎండాకాలంలో మనుషుల్ని తోలుతారు.

నిజం దాచుకోము. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద నిప్పు పెట్టేవాళ్లు మాలో ఉన్నారు. అది తప్పే. చెట్టు కింద చీపురుతో ఊడ్చుకుంటే పోయేదానికి మంటెందుకని మేమే తిడుతున్నాం. కానీ ప్రతి మంటా మా నెత్తినే రుద్దితే ఎట్లా? రోడ్డు మీద సిగరెట్టు విసిరే కారుకు కేసు లేదేం?

2020 ఫిబ్రవరిలో కేరళ త్రిసూరు జిల్లా కొట్టంబత్తూరులో మంటలార్పబోయి ముగ్గురు వాచర్లు కాలిపోయారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ బిన్సర్‌లో నలుగురు అటవీ సిబ్బంది మంటల్లోనే పోయారు. చచ్చేది ఎప్పుడూ కిందివాడే. ఎసి గదిలో మ్యాపు చూసేవాడు గాదు.

1927 అటవీ చట్టం 79వ సెక్షన్ ఏమంటుంది? అడవిలో హక్కు అనుభవించేవాడు పిలిచినా పిలవకున్నా మంట ఆర్పాలంటుంది. మన దగ్గర 1967 చట్టం నడుస్తున్నా అదీ తెల్లదొరల బుద్ధికి పుట్టిందే. సరే, ఆర్పుతాం. మరి హక్కేదీ? 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనేతరుల్ని 2005 డిసెంబర్ 13 నాటికి 75 ఏళ్ల నివాసం చూపమంటోంది. మూడు తరాలన్నమాట. దస్తావేజు పట్టుకోనివ్వని కులాల్ని దస్తావేజు అడుగుతున్నారు! చెంచులకు ఆ షరతు లేదు, మంచిదే. వాళ్ల వాటా మాకొద్దు. వాళ్ల పక్కన మా చోటు కావాలి.

ఆ 75 ఏళ్ల షరతు ఎత్తెయ్యాలి. అడవిని కాపాడుకునే హక్కు గ్రామసభకు చట్టంలోనే ఉంది, దాన్ని కాగితం మీంచి కిందికి దించాలి. ఫైర్ లైన్ పని, కూలి జనవరిలోనే ఊరి చేతికివ్వాలి. బూట్లు, నీళ్లు, బీమా ఇవ్వాలి.

ఇళ్లమీదికొచ్చే మంటను ఎవరూ చెప్పకుండానే ఆర్పుతాం. కానీ జీపొచ్చి లోతట్టు అడవికి పిలిస్తే, అన్నలారా, అక్కలారా, ముందు మస్టరులో మన పేర్లు రాయించండి. ఆ తర్వాతే కొమ్మ విరవండి.