మొదటి గుడ్డు ఇంటి బిడ్డకే

వాన మీద, కూలి మీద నమ్మకం లేని మన గండికోట పల్లెల్లో పెరట్లో నాలుగు కోళ్లు మంచి ఆసరా. 2020 లాక్‌డౌన్‌లో ఆ సంగతి మొదటిసారి తెలుసుకున్న కుటుంబాలున్నాయి. కానీ గుడ్లన్నీ అంగడికి పంపి, పిల్లలకు ఒట్టి చారన్నం పెట్టడం సరికాదని మా అభిప్రాయం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ముందు గర్భిణికి, బిడ్డకు పెట్టండి; మిగిలితేనే అమ్మండి.

కొత్తగా పెంచేవారికి మేము చెప్పేది ఇది. కోడిపిల్లలకు మొదటి వారంలోనే కొక్కెర తెగులు రాకుండా చుక్కల మందు వేయించండి. రాత్రి మీరు పడుకునే గదిలో కాక, బయట గంప కింద మూయండి. కోళ్లను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. కనుక జబ్బు కోడిని కోసి తినకండి, పశువుల డాక్టరుకు చెప్పండి.

కోడి సైతం ముందు తన పిల్లలనే రెక్కల కింద దాచుకుంటుంది. మనమూ అలాగే చేద్దాము.