పేరు కూడ అమానతే
నమ్మి అప్పగించిన దానిని ఉర్దూలో అమానత్ అందురు. ధనమే కాదు, పేరు కూడ అమానతే. బ్రిటిషు సైన్యమునకు తోడ్పడి, తాలిబాన్ల పగకు వెరచి ఆశ్రయము కోరిన సుమారు 19,000 మంది అఫ్ఘనుల వివరములు 2022 ఫిబ్రవరిలో ఒక ఉద్యోగి పొరపాటున బయటపడినవి. 2023లో ఈ సంగతి గ్రహించిన ప్రభుత్వము న్యాయస్థానమునుండి నిషేధాజ్ఞ పొందినది. అట్టి ఆజ్ఞ కలదని చెప్పుట కూడ నిషిద్ధమే!

కొందరిని రహస్యముగా తరలించిన మాట నిజము. జాబితా శత్రువు చేత చిక్కకుండ కొంతకాలము మౌనము వహించుట ధర్మమే. కాని 2025 జూలై 15 వరకు ఆపదలోనున్న వారికే ఆపద తెలియనీయలేదు. తెలిసినవాడు ఇల్లు మారును, దాగును, తెలియనివాడేమి చేయగలడు?

1948 హైదరాబాదు పోలీసుచర్య నాటి హింసపై సుందర్‌లాల్ సంఘ నివేదికను మన ప్రభుత్వమును దశాబ్దములపాటు ప్రచురింపలేదు. ప్రజల ప్రాణము కాచు రహస్యము వేరు, పాలకుల పరువు కాచు రహస్యము వేరు. అమానతు పోగొట్టినవాడు ఆ మాట మొదట చెప్పవలసినది దాని సొంతదారునికే.