ఆటకు కూలి

స్పోర్ట్స్ డే వచ్చిందంటే చాలు, వేదిక మీది పెద్దలు మనకొక మాట తప్పకుండా చెబుతారు. "ఆట ఆట కోసమే ఆడాలి, పైసల కోసం కాదు" అని. మనం చప్పట్లు కొడతాం. మిత్రులారా, ఈసారి చప్పట్లు కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలని నా మనవి. ఈ నీతి ఎవరికి సులువు? ఎవరికి బరువు?

ఒలింపిక్ పోటీలలో చాలా ఏళ్ళు ఒక నియమం ఉండేది. ఏ ఆటలోనైనా పైస తీసుకున్నవాడు అక్కడ ఆడరాదు. వినడానికి గొప్పగానే ఉంది. ఇంట్లో గాదె నిండా గింజలున్నవాడు ఏడాది పొడుగునా ఉత్తగ ఆడగలడు. పొద్దున లేస్తే కూలికి పోవలసినవాడు ఎట్లా ఆడతాడు? ఆ నియమం ఎవరి మెడకు చుట్టుకున్నదో చూస్తే సంగతి తెలుస్తుంది.

జిమ్ థోర్ప్ అమెరికా ఆదివాసి. సాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. కార్లైల్ అనే ఆదివాసి పిల్లల బడిలో చదువుతూ ఆటల్లో పేరు తెచ్చుకున్నాడు. 1912లో స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలో బంగారు పతకాలు గెలిచాడు. మరుసటి ఏడే ఆ రెండూ గుంజుకున్నారు. చేసిన నేరం ఏమిటి? 1909, 1910 ఎండాకాలం సెలవుల్లో చిన్న బేస్‌బాల్ జట్టులో ఆడి కొద్ది డాలర్లు తీసుకున్నాడు. ఇట్లా ఆడిన కాలేజీ పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళు దొంగపేర్లతో ఆడారు. థోర్ప్ తన సొంత పేరుతో ఆడాడు, దొరికిపోయాడు. అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో చెప్పాలని రూలు. నెలలు గడిచినాక చెప్పినా చెల్లింది.

ఇక్కడ ఇంకొక సంగతి గమనించాలి. కార్లైల్ జట్టు ఆడుతుంటే జనం టికెట్లు కొని చూసేవారు. ఆ డబ్బు బడికి చేరేది. అది తప్పు కాదట! ఆడినవాడు నాలుగు డాలర్లు తీసుకుంటే మాత్రం తప్పట!

పాత నల్లగొండ జిల్లావాళ్ళకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. 2016లో మా రామన్నపేట యాదాద్రి భువనగిరి జిల్లాలో కలిసింది గాని, మా జ్ఞాపకాలు ఎక్కడికీ పోలేదు. చెమట ఒకరిది, ఫలం ఇంకొకరిది అయితే దాన్ని మా తాతలు వెట్టి అన్నారు. 1946 నుంచి 1951 దాకా సాగిన పోరాటంలో ఆ వెట్టి మీద తిరగబడ్డారు. సాయంత్రం పూట సరదాగా ఆడుకుంటే అది ఆట. ఒకడు ఆడుతుంటే పక్కన గల్లాపెట్టె నిండి, ఆడినవాడు ఉత్తచేతులతో ఇంటికి పోతే అది వెట్టి. రెండింటికీ తేడా ఉంది.

థోర్ప్ ఆ తేడా తెలుసుకున్నాడు. 1915లో కాంటన్ బుల్‌డాగ్స్ అనే ఫుట్‌బాల్ జట్టులో ఆటకు 250 డాలర్ల చొప్పున చేరాడు. అమెరికా ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చంకన పెట్టుకొని ఉరుకుతుంటే ఎదుటివాళ్ళు మీదపడి పట్టుకుంటారు. మన కబడ్డీ ఆడినవాళ్ళకు తొందరగా అర్థమవుతుంది. 1920లో జట్లన్నీ కలిసి సంఘం పెట్టుకుంటే దానికి మొదటి అధ్యక్షుడు థోర్ప్. ఆ సంఘమే నేటి ఎన్.ఎఫ్.ఎల్. కాని ఒంట్లో సత్తువ తగ్గినాక ఏమైంది? గుంతలు తవ్వే పని చేశాడు, సినిమాల్లో చిన్న వేషాలు వేశాడు. 1953లో పేదవాడిగానే పోయాడు. బంగారు పతకాలకు అతడొక్కడే విజేత అని ఒలింపిక్ కమిటీ 2022లో ఒప్పుకున్నది. పోయిన 69 ఏళ్ళకు!

అంత దూరం పోవడమెందుకు, మన సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడకే వద్దాం. 1936లో ఒక పేద ఇంట్లో పుట్టిన తులసీదాస్ బలరాం మనం ఆడే ఫుట్‌బాల్‌లోనే దేశానికి పేరు తెచ్చాడు. అతని ఆట కోచ్ రహీం సాబ్ కంట్లో పడింది. హైదరాబాదులో సాధనకు రమ్మన్నారు. రావడానికి పిల్లవాడి దగ్గర పైసలు లేవు. అప్పుడు రహీం సాబ్ నీతులు చెప్పలేదు, సైకిలు కిరాయికి పైసలిచ్చారు. ఆ సైకిలు తొక్కినవాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయాడు. అక్కడ మన జట్టు 4వ స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరి మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆ ఏడే అర్జున అవార్డు అందుకున్నాడు.

1963లో ఊపిరితిత్తుల జబ్బుతో ఆట ఆగిపోయింది. అప్పటికి వయసు 27కు మించలేదు! మనలో ఎంతోమందికి ఆ వయసుకు కొలువైనా దొరకదు, అతనికి ఆట అయిపోయింది. రైల్వే ఉద్యోగం అన్నం పెట్టింది. అతనితో కలిసి ఆడిన చునీ గోస్వామికి 1983లో, పి.కె. బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లోనే కన్నుమూశాడు. మన దగ్గర ఎంతమందికి ఆ పేరు తెలుసు?

"ఆట కూడు పెడ్తదా బిడ్డా?" అని మన ఇండ్లల్ల అడుగుతారు. పెద్దవాళ్ళకు ఆటంటే పగ అనుకోవద్దు. చెల్క ఎండితే ఇల్లు ఎట్లా గడవాలో తెలిసినవాళ్ళ ప్రశ్న అది. మా ఊళ్ళో సంక్రాంతి కబడ్డీల్లో ఎదురులేని అన్న ఒకాయన ఉన్నాడు. గూట్లో కప్పులు ఉన్నయి. ఆయన ఇప్పుడు కంపెనీలో రాత్రి షిఫ్టుకు పోతున్నడు. కప్పు కడిగి తాగితే కడుపు నిండదు గదా!

పైసలు వస్తే ఆట చెడుతుందని కొందరంటారు. జూదం వస్తుంది, అమ్ముడుపోతారు అంటారు. ఆ భయం నిజమే, కాదనను. కాని ధాన్యం మార్కెట్లో దళారీ మోసం చేస్తున్నాడని రైతుకు ధర ఇయ్యకుండా ఉంటమా? మోసాన్ని పట్టుకోవాలె, కూలి ఇయ్యాలె. 2014లో ప్రో కబడ్డీ వచ్చింది. 2019లో తెలుగు టైటాన్స్ జట్టు ఒక్క ఆటగాణ్ణి 1 కోటి 45 లక్షలకు తీసుకున్నది. దానితో కబడ్డీ పాడైందా? కాలేదు. పల్లె పిలగాండ్లకు ఒక దారి కనబడింది. అయితే ఆ దారి పట్టేది కొద్దిమందే. మిగతావాళ్ళ సంగతి మనం చూడాలె.

కాబట్టి మన యూనియన్‌కు నా సూచన ఇది. ఈసారి ఆటల డబ్బులో కప్పులకు, శాలువాలకు, వేదికకు పెట్టే ఖర్చు సగం చేయండి. మిగిలిన సగంతో ఊళ్ళ నుంచి వచ్చి ఆడే పిల్లలకు రైలు పాసు, బస్సు పాసు ఇప్పించండి. కాళ్ళకు బూట్లు, సాధన రోజుల్లో గుడ్డు, పాలు, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఇవ్వండి. ఆడపిల్లల జట్టుకు మొదటి వాటా ఇవ్వండి, వాళ్ళకు ఇంటి నుంచి అనుమతే కష్టంగా దొరుకుతుంది. ఆట కోసం పోగొట్టుకున్న క్లాసులు మళ్ళీ చెప్పించమని మన లెక్చరర్లను అడుగుదాం. ఒళ్ళు ఆగిపోయిన రోజున డిగ్రీ చేతిలో ఉండాలె.

ఇవి పెద్ద కోరికలు కావు. బలరాంకు ఆనాడు అందింది ఒక సైకిలు కిరాయి. మన కాలేజీలో ఇవాళ ఎవరికి ఏది తక్కువైందో తెలుసుకొని, అది వాళ్ళకు అందిద్దాం. ఆ తర్వాత స్పోర్ట్స్ డే నాడు చప్పట్లు ఎంతసేపైనా కొడదాం.