తుప్పు పట్టిన బొమ్మబండి

అమెరికా దేశమున పాత పికప్ ట్రక్కుల నమూనాలను ప్లాస్టిక్ ముక్కలతో కూర్చు అభిరుచి గలవారు పెక్కుమంది కలరు. వారిలో రెండు పక్షములున్నవి. బండి కర్మాగారపు ద్వారము దాటి వెలుపలికి వచ్చిన నాడు ఎట్లుండెనో నమూనాయు అట్లే ఉండవలెననువారు ఒక పక్షము. కోసి, అతికి, రంగు మార్చి, సొట్టలు పెట్టి, తుప్పు పట్టించి తమ ఊహకు తగినట్లు మలచువారు రెండవ పక్షము. రెండవవారు చేయునది పాడుచేయుట యని మొదటివారి నింద. మొదటివారికి ఊహ లేదని రెండవవారి ఎత్తిపొడుపు. బయటివారికి ఇది బొమ్మల మీది తగవుగా తోచవచ్చును. కాని తరచి చూచినచో, గడచిన కాలమును నిలుపుట యనగా దేనిని నిలుపుట అను ప్రశ్న ఇందులో దాగియున్నది.

ఈ పనితో పరిచయము లేనివారికి కొంత చెప్పవలసియున్నది. అట్టపెట్టెలో వచ్చు పాలిస్టిరీన్ భాగములు ఒక సన్నని చట్రమునకు, కొమ్మకు కాయలవలె, అంటుకొని ఉండును. వాటిని కత్తిరించి, అంచులను సాండుపేపరుతో నునుపు చేసి, ద్రావకముతో అతుకుదురు. ఇది మామూలు జిగురువంటిది కాదు. రెండు అంచులను కరగించి ఏకము చేయును. ఒకసారి తప్పుగా అతికినచో విడదీయుట కష్టము. కొలత తరచుగా ఇరువదియైదింట ఒక వంతు. 1953 నాటి ఫోర్డు ఎఫ్-100 బండికి ముందు ఇరుసునుండి వెనుక ఇరుసువరకు 110 అంగుళముల దూరము. బల్లమీది నమూనాలో అది 4.4 అంగుళములు మాత్రమే.

మొదటి పక్షమువారి మాటను తేలికగా త్రోసివేయరాదు. అసలు బండ్లు ఏటికేడు తగ్గిపోవుచున్నవి. మిగిలినవానిలోను అనేకము కొత్త ఇంజన్లతో, కొత్త చక్రములతో రూపు మారినవే. ఇట్టి స్థితిలో నమూనాయే సాక్ష్యము కావలసియుండగా, ఒక సంవత్సరపు బండికి మరియొక సంవత్సరపు ముందుజల్లెడను తగిలించుట దొంగసాక్ష్యమే యగునని వారి వాదము. పైగా పాతకాలపు కిట్టు ఒకటి కోతకు బలియైనచో అది మరల రాదు. ఈ భయము నిరాధారము కాదు.

కాని, పికప్ ట్రక్కునకు మార్పులేని మూలరూపము అనునది ఒకటి కలదా? ఫోర్డు మోడల్ టీ కారు వెనుకభాగమున కొయ్యపెట్టెలు బిగించుకొని రైతులు తమ సరకులు మోసికొనుచుండిరి. దానిని చూచిన పిమ్మటనే 1925లో ఫోర్డు సంస్థ తొట్టితో కూడిన బండిని కర్మాగారములోనే తయారుచేసి 281 డాలర్లకు అమ్మెను. అనగా, కర్మాగారపు రూపముకన్న ముందే రైతు చేసిన మార్పు ఉన్నది. 1957లో డాడ్జి సంస్థ తన పికప్పునకు సొగసు తెచ్చుటకై, తన స్టేషన్ వాగన్ కారు వెనుక మడ్గార్డులను తెచ్చి తొట్టికి ఇరుప్రక్కల అమర్చి, స్వెప్ట్‌సైడ్ అను పేరున అమ్మెను. ఒక కిట్టులోని భాగమును మరియొక కిట్టునకు అతుకు అభిరుచిపరుడు చేయునదియు ఇదియే గదా! 1958లో ఏఎంటీ సంస్థ ఒకే కారును మూడు విధములుగా కూర్చుకొనుటకు వలయు భాగములను ఒకే పెట్టెలో ఉంచెను: కర్మాగారపు రూపము, అలంకృత రూపము, పందెపు రూపము. పికప్ కిట్లును ఆ బాటనే నడచినవి. మార్చువాడు అపరాధి యైనచో, ఆ అపరాధము కిట్టు పెట్టెలోనే పుట్టినదనవలెను.

అంతకన్న ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. పికప్పు విలాసవాహనము కాదు, పనిముట్టు. అమ్మకపు గదిలో అది మెరిసినది కొన్ని దినములే. తరువాత ఏండ్ల తరబడి గడ్డి, ఎరువు, ఇటుకలు, పశువులకు వేయు దాణా మోసినది. ఆనాటి షెవ్రొలే పికప్పుల తొట్టి అడుగున కొయ్యపలకలు పరచి, వాటి నడుమ ఉక్కుపట్టీలు బిగించెడివారు. అరిగిన ఆ పలకలు, మోచేయి ఆనించి ఆనించి రంగు పోయిన కిటికీ అంచు, డ్రైవరు కూర్చున్న వైపే చిరిగిన సీటు: ఇవి బండి చరిత్ర మాత్రమే కాదు, దానిని నడపినవాని చరిత్ర కూడను. నిగనిగలాడు నమూనా కర్మాగారమును జ్ఞాపకము చేయును. సొట్ట పడిన నమూనా మనిషిని జ్ఞాపకము చేయును.

అయితే తుప్పు పట్టించుటకును చదువు కావలెను. మొదట తుప్పురంగు పూసి, ఆరిన పిమ్మట హెయిర్‌స్ప్రేను చల్లి, దానిపై నీటితో పలుచన చేయు ఆక్రిలిక్ రంగు వేయుదురు. తడి కుంచెతో రుద్దగా నడిమి పొర కరగి, పైరంగు పెచ్చులుగా లేచి, అడుగున ఉన్న తుప్పు బయటపడును. ఉపాయము సులభమే, ఎక్కడ రుద్దవలెనో తెలియుట కష్టము. బురద నిలుచు మడ్గార్డు అడుగున, నీరు చేరు మూలలలో తుప్పు పుట్టును గాని, ఎండకు కాగు కప్పు నడుమ ముందుగా పుట్టదు. కప్పు తగ్గించుటయు ఇట్టిదే. అసలు బండిలో మూడు అంగుళములు కోసినచో నమూనాలో మూడు మిల్లీమీటర్లు కోయవలెను. కప్పును మోయు కంబములు లోపలికి ఒరిగియుండుటచేత, నడిమి ముక్క తీసినంతనే పై కొసలును క్రింది కొసలును ఒకదానికొకటి కలియవు. కంబములను వంచవలెను, లేదా కప్పును కోసి పొడిగింపవలెను. ఈ లెక్క తెలియనివాడు సందులను లప్పముతో నింపి, దానికి స్వేచ్ఛ యని పేరు పెట్టును. అది స్వేచ్ఛ కాదు, అజ్ఞానము.

కావున తీర్పు ఏ ఒక్క పక్షమునకును పూర్తిగా అనుకూలము కాజాలదు. మార్చుటకు హక్కు కలదు. కాని మూలరూపమును ఎరిగినవానికే ఆ హక్కు చెల్లును. దొరకని పాత కిట్టును కోయుట కన్న, పాత అచ్చులనుండి మరల తీసిన కిట్టును కొని కోయుట వివేకము. ఇక సాక్ష్యము చెడునను భయమునకు చిన్న మందు కలదు. కూర్చినవాడు తన బండి అడుగున ఒక చీటీ అంటించి, ఏ భాగము ఏ కిట్టులోనిదో, ఏది అసలుదో, ఏది తన ఊహయో వ్రాసి ఉంచవలెను. అట్టి చీటీ గల తుప్పుబండి, చీటీ లేని మెరుపుబండికన్న రేపటివారికి నమ్మదగిన సాక్షి.